జిర్కాన్ వయసు రేణువు పుట్టుకను చెబుతుంది, అది బేసిన్‌కు వచ్చిన దారిని కాదు

పర్వతాల నడుమ, ఇసుకా రాళ్ళూ కొట్టుకొచ్చి పేరుకునే పల్లమైన ఒక బేసిన్‌లోని పాత ఇసుకరాయి పొరల నుంచి మీరు 3 నమూనాలు తీసి, ఒక్కొక్కదానిలో సుమారు 100 జిర్కాన్ రేణువుల (గ్రానైట్ వంటి రాళ్ళలో పుట్టే చిన్న, గట్టి ఖనిజపు గింజల) వయసులు కట్టించారు. ఏ వయసు రేణువులు ఎన్ని ఉన్నాయో చూపే పటంలో మూడింటికీ 185 కోట్ల ఏళ్ళ దగ్గర పెద్ద శిఖరం, 50 కోట్ల ఏళ్ళ దగ్గర చిన్న శిఖరం కనిపించాయి. బేసిన్‌కు ఉత్తరాన ఉన్న కొండల్లో సరిగ్గా 185 కోట్ల ఏళ్ళ గ్రానైట్ ఉంది కనుక, ఆ ఇసుక అక్కడి నుంచే వచ్చిందని రాయవచ్చా అని మీ ప్రశ్న. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఆధారాలతో అలా రాయకూడదు. మీ కొలతల్లో తప్పుందని నేను అనడం లేదు. వయసులు సరైనవే కావచ్చు, చివరికి ఆ గ్రానైటే మూలమని తేలినా తేలవచ్చు. అయితే మీరు అడిగిన ప్రశ్న ఒకటి, జిర్కాన్ జవాబిచ్చిన ప్రశ్న మరొకటి.

జిర్కాన్ స్ఫటికం శిలాద్రవంలో పెరిగేటప్పుడు యురేనియాన్ని లోనికి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా వెలుపలే ఉంచుతుంది. ఆ తరువాత లోపల పోగయ్యే సీసం దాదాపు అంతా యురేనియం క్షయం వల్ల పుట్టినదే. యురేనియం-238 సగానికి తగ్గడానికి 446.8 కోట్ల ఏళ్ళు, యురేనియం-235 సగానికి తగ్గడానికి 70.4 కోట్ల ఏళ్ళు పడుతుంది. మొదటిది చివరికి సీసం-206గా, రెండవది సీసం-207గా మిగులుతుంది. అంటే ఒకే రేణువులో రెండు గడియారాలు వేరు వేరు వేగాలతో నడుస్తుంటాయి, రెండూ ఒకే కాలాన్ని చూపినప్పుడు ఆ వయసును నమ్ముతాం. పర్వతాల పుట్టుకలో రాళ్ళు చూసే మామూలు వేడికి ఈ గడియారం చెరిగిపోదు. నదిలో వందల కిలోమీటర్లు దొర్లినా రేణువు అంచులు అరుగుతాయే తప్ప వయసు మారదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో సుమారు 300 కోట్ల ఏళ్ళ నాటి గులకరాతి శిలలో 440 కోట్ల ఏళ్ళ జిర్కాన్ దొరికింది. దాన్ని కన్న రాయి భూమి మీద ఎక్కడా మిగల్లేదు, రేణువు మాత్రం మిగిలింది.

మీ చిక్కంతా ఈ మొండితనంతోనే. 185 కోట్ల ఏళ్ళ రేణువు ఆ గ్రానైట్ నుంచి నేరుగా వాగులో పడి మీ బేసిన్‌కు వచ్చి ఉండవచ్చు. లేదా 100 కోట్ల ఏళ్ళ క్రితమే అదే గ్రానైట్ నుంచి రాలి, ఏదో సముద్రతీరంలో ఇసుకగా పేరుకుని, క్వార్ట్‌జైట్‌గా గట్టిపడి, పర్వతంతో పాటు పైకి లేచి, మళ్ళీ కోతకు గురై దక్షిణం వైపు నుంచి మీ బేసిన్‌లోకి దిగి ఉండవచ్చు. ఇంకా దగ్గరి అవకాశం ఒకటుంది: బేసిన్ అంచు మడతపడి పైకి లేచినప్పుడు బేసిన్ తన పాత పొరలను తానే కోసుకుని, కొత్త పొరలుగా పరచుకుంటుంది. ఈ మూడు దారుల్లో వచ్చినా వయసుల పటంలో శిఖరం ఒకే చోట నిలబడుతుంది. మనుషుల సంగతిలో పుట్టిన ఊరు వేరు, ప్రస్తుత చిరునామా వేరు అని మనకు తెలుసు. రేణువుల దగ్గరికి వచ్చేసరికి ఆ తేడాను ఎందుకో మరిచిపోతాం.

ఈ తేడా ఎంత దూరం పోగలదో చెప్పడానికి అమెరికాలోని కొలరాడో పీఠభూమి మంచి ఉదాహరణ. అక్కడి నవాహో ఇసుకరాయి జురాసిక్ యుగపు తొలి భాగంలో ఎడారి ఇసుక దిబ్బలుగా ఏర్పడింది. ఆ దిబ్బల లోపలి ఏటవాలు పొరలు కొలిస్తే గాలి ఉత్తరం నుంచి దక్షిణానికి వీచిందని స్పష్టంగా తెలుస్తుంది. ఆ ఒక్క ఆధారంతోనే ఆగితే మూలాన్ని ఉత్తరాన వెతుకుతాం. విలియం డికిన్సన్, జార్జ్ గెరెల్స్ అనే భూవిజ్ఞానులు 2003లో ప్రచురించిన జిర్కాన్ వయసుల్లో మాత్రం సుమారు సగం రేణువులు ఖండానికి ఆ చివర, తూర్పున ఉన్న అపలాచియన్ పర్వతాల వైపు చూపాయి. రెండు ఆధారాల్లో ఏదీ అబద్ధం కాదు. ఖండాన్ని అడ్డంగా దాటిన నదులు తూర్పు ఇసుకను ముందు ఉత్తరపు మైదానాలకు చేర్చాయి, అక్కడి నుంచి గాలి దాన్ని దక్షిణానికి తోలింది. ప్రవాహ దిశ ప్రయాణంలో చివరి అడుగును చెప్పింది, జిర్కాన్ పుట్టుకను చెప్పింది. నడుమ దారిని ఆ రెండింటినీ కలిపి చదివి ఊహించవలసి వచ్చింది.

అందువల్ల ప్రయోగశాలకు మరో నమూనా పంపేముందు గులకరాళ్ళ దగ్గరికి వెళ్ళండి. మీటరులో పదివేలవ వంతు ఉండే జిర్కాన్ ఎక్కడి నుంచైనా రాగలదు కానీ, పిడికిలంత సున్నపురాయో అభ్రకపు పలకరాయో నదిలో ఎక్కువ దూరం బతకదు, అరిగి పిండి అయిపోతుంది. గులకరాతి పొర బయటపడిన చోట కొలత టేపు పరచి, సమాన దూరాల్లో దాని కింద పడిన ప్రతి రాయినీ, నచ్చినదీ నచ్చనిదీ అని చూడకుండా, కనీసం 100 వరకు లెక్కించి రాతి రకాన్ని రాసుకోవాలి. కింది పొర నుంచి పై పొరకు వెళుతూ ఇదే పని చేస్తే ఆ పట్టిక ఒక కథ చెప్పడం మొదలుపెడుతుంది. కొండ మీద అన్నిటికన్నా పైన ఉన్న రాయి ముందుగా కోతకు గురై బేసిన్‌లో అడుగున చేరుతుంది, కొండ లోపలి రాయి చివర బయటపడి పైన చేరుతుంది. కాబట్టి బేసిన్‌లోని వరుస కొండలోని వరుసకు తలకిందులుగా ఉంటుంది. కింది పొరల్లో సున్నపురాయి, నడుమ క్వార్ట్‌జైట్, పైన గ్రానైట్ గులకరాళ్ళు కనిపిస్తే ఆ కొండ పొర పొరగా ఎలా ఒలిచిందో మీ ముందున్నట్లే. సున్నపురాయిలో జిర్కాన్ దాదాపు ఉండదు కనుక, ఈ కథలో మొదటి అధ్యాయాన్ని జిర్కాన్ పటం ఎన్నటికీ చూపలేదు.

అదే చోట ప్రవాహ దిశను కూడా కొలవండి. చదునైన గులకరాళ్ళు నీటి తోపుకు ఒకదాని మీద ఒకటి వాలి పెంకుల్లా పేర్చుకుంటాయి, వాటి వాలు ఎప్పుడూ ఎగువ వైపుకే ఉంటుంది. దిగువ వైపుకని పొరపడి మూలాన్ని 180 డిగ్రీలు తిప్పి రాసిన నివేదికలు నేను చూశాను. పొర ఇప్పుడు వాలి ఉంటే ముందు దాన్ని లెక్కలో మళ్ళీ సమతలానికి తెచ్చి, ఆ తరువాతే దిశను చదవాలి. నది మెలికలు తిరుగుతుంది కాబట్టి ఒక్క కొలత దేనికీ పనికిరాదు. ఒక్కొక్క చోట 20 నుంచి 30 కొలతలు ఉంటే సగటు నిలుస్తుంది.

ఇక్కడ పర్వతాల నడుమ బేసిన్‌లకే ప్రత్యేకమైన ఒక సంగతి ఉంది, మీ నమూనాల విషయంలో నా అసలు అనుమానం కూడా దాని గురించే. ఇలాంటి బేసిన్‌లో సాధారణంగా రెండు రకాల నీళ్ళు పనిచేస్తాయి. రెండు పక్కల కొండల నుంచి దిగే చిన్న వాగులు కొండ పాదాన విసనకర్ర ఆకారంలో రాళ్ళూ ఇసుకా పరుస్తాయి, వాటి సరుకంతా పక్క కొండదే. బేసిన్ పొడవునా పారే పెద్ద నది మాత్రం ఎక్కడో దూరంగా ఉన్న పరీవాహక ప్రాంతపు ఇసుకను మోసుకొస్తుంది. మీ 3 నమూనాలూ బేసిన్ నడుమనున్న మందపాటి ఇసుకరాయి నుంచే తీసి ఉంటే అవి మూడు సాక్ష్యాలు కావు, ఒకే నది మూడుసార్లు ఇచ్చిన ఒకే సాక్ష్యం. ఉత్తరపు అంచున ఉన్న విసనకర్ర పొరల నుంచి ఒకటి, దక్షిణపు అంచు నుంచి ఒకటి, నడుమ నుంచి ఒకటి తీసి పోల్చినప్పుడే ఏ కొండ ఎంత ఇచ్చిందన్న మాటకు అర్థం ఉంటుంది. వీటితో పాటు ఇప్పుడు ఆ కొండల నుంచి దిగుతున్న వాగుల ఇసుకను కూడా తప్పక తీసుకోండి. పటం మీద ఒక గ్రానైట్‌కు ఒక వయసే రాసి ఉంటుంది. ఆ పరీవాహక ప్రాంతమంతా కలిసి ఎలాంటి వయసుల మిశ్రమాన్ని ఇస్తుందో వాగు ఇసుకే చెబుతుంది.

తరువాతిది థిన్ సెక్షన్, అంటే కాంతి దాటేంత పలుచగా అరగదీసి గాజు స్లైడుకు అతికించిన రాతి ముక్క. వయసులు కట్టే లేజర్ యంత్రాలు వచ్చాక మైక్రోస్కోపు దగ్గర కూర్చోవడం చాలామంది మానేశారు, అది పొదుపు కాదని నా అభిప్రాయం. ఆ ఇసుక నేరుగా గ్రానైట్ నుంచి వచ్చి ఉంటే అందులో ఫెల్డ్‌స్పార్ ఉండాలి, ముఖ్యంగా ధ్రువణ కాంతిలో గళ్ళ నేతలా కనిపించే మైక్రోక్లైన్ ఉండాలి, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ అతుక్కుని ఉన్న రాతి ముక్కలూ ఉండాలి. పాత ఇసుకరాయి నుంచి వచ్చి ఉంటే ఒక్క రేణువును దగ్గరగా చూసినా చాలు, సంగతి తెలిసిపోవచ్చు. గుండ్రని క్వార్ట్జ్ గింజ, దాని చుట్టూ సన్నని దుమ్ము గీత, ఆ గీతకు వెలుపల సిలికా పూత, ఆ పూత అంచు మళ్ళీ అరిగి ఉండటం: మొదటి గుండ్రదనం మొదటి ప్రయాణానిది, పూత రాయిగా మారి పాతుకుపోయిన కాలానిది, అరిగిన పూత రెండవ ప్రయాణానిది. ఇలాంటి గింజలు పదుల సంఖ్యలో కనిపించే ఇసుకరాయికి గ్రానైట్‌ను నేరుగా మూలమని చెప్పడం కష్టం.

లెక్కించడానికి గాజ్జి, డికిన్సన్‌ల పేర్లతో పిలిచే పద్ధతి వాడండి. ఒక్కొక్క స్లైడుపై 300 నుంచి 400 బిందువులు లెక్కిస్తారు. రాతి ముక్కలో 0.0625 మిల్లీమీటర్ల కన్నా పెద్ద స్ఫటికం మీద బిందువు పడితే దాన్ని రాతి ముక్కగా కాక ఆ ఖనిజంగానే రాస్తారు, దీనివల్ల ఇసుక సన్నదా ముతకదా అన్న తేడా ఫలితాన్ని అంతగా తారుమారు చేయదు. ఫెల్డ్‌స్పార్ లేనంత మాత్రాన గ్రానైట్ కాదని వెంటనే తేల్చకండి. వేడి, తేమ ఎక్కువైన వాతావరణంలో అది మట్టిగా మారిపోతుంది, లోతుగా పూడినప్పుడు కరిగి ఖాళీ గూడును మిగిల్చిపోతుంది. ఆ ఖాళీ గూళ్ళను కూడా లెక్కలో రాసుకోవడం మంచి అలవాటు.

బరువు ఖనిజాల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 2.9 దగ్గరి సాంద్రత గల ద్రవంలో ఇసుకను వేస్తే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ తేలిపోయి గార్నెట్, కయనైట్, స్టారోలైట్, టూర్మలిన్, రుటైల్, జిర్కాన్ వంటివి మునుగుతాయి. వెనుకటి రోజుల్లో ఇందుకు విషపూరితమైన బ్రోమోఫాం వాడేవారు, ఇప్పుడు సోడియం పాలీటంగ్‌స్టేట్ వాడుతున్నారు. కయనైట్, సిల్లిమనైట్ కనిపిస్తే లోతుల్లో రూపాంతరం చెందిన రాళ్ళు బయటపడ్డాయని అర్థం, క్రోమియం ఉన్న స్పినెల్ కనిపిస్తే సముద్రపు అడుగు ముక్కలు ఎక్కడో పైకి లేచాయని అనుమానించాలి. అయితే పూడిన తరువాత పైరాక్సీన్, ఆంఫిబోల్ ముందుగా కరిగిపోతాయి, తరువాత ఎపిడోట్, ఆపైన కయనైట్, స్టారోలైట్ వంతు వస్తుంది. జిర్కాన్, టూర్మలిన్, రుటైల్ మిగిలిపోతాయి. కింది పొరల్లో ఈ మూడే ఉండి, పైకి వెళ్ళేకొద్దీ ఒక్కొక్క కొత్త ఖనిజం చేరుతూ ఉంటే కొండ క్రమంగా ఒలిచిందని రాయాలన్న కోరిక పుడుతుంది. చాలాసార్లు అది కొండ కథ కాదు, లోతులో జరిగిన కరుగుదల కథ. ఒకే పొరలో సిమెంటు పట్టి గట్టిగా మూసుకున్న ముద్దలు ఉంటే వాటి లోపలి ఖనిజాలను బయటి వాటితో పోల్చండి, కరిగి పోయినవేమిటో అక్కడ బయటపడుతుంది.

185, 50 కోట్ల ఏళ్ళ శిఖరాలు అనగానే హిమాలయాలు గుర్తుకొస్తాయి, ఈ చిక్కులన్నీ ఒక్కచోట కనిపించేది కూడా శివాలిక్ కొండల అవక్షేపాల్లోనే. లెస్సర్ హిమాలయాల పాత శిలల్లో 180 నుంచి 190 కోట్ల ఏళ్ళ శిఖరం ప్రధానం. గ్రేటర్ హిమాలయాలు, వాటి పైనున్న టెథిస్ హిమాలయాలు రెండింటిలోనూ 80 నుంచి 120 కోట్ల ఏళ్ళ రేణువులు దండిగా ఉంటాయి, 50 కోట్ల ఏళ్ళ దగ్గరివీ ఉంటాయి. జిర్కాన్ వయసులతో మాత్రమే చూస్తే ఈ రెండింటినీ విడదీయడం దాదాపు అసాధ్యం. మైక్రోస్కోపులో మాత్రం నిమిషంలో తేడా తెలుస్తుంది: గ్రేటర్ హిమాలయాలు కయనైట్, సిల్లిమనైట్ ఉన్న నైస్ శిలలు, టెథిస్ భాగం ఎక్కువగా శిలాజాలున్న సున్నపురాళ్ళూ షేళ్ళూ. లెస్సర్, గ్రేటర్ శిలలను విడదీయడానికి బురదరాళ్ళలోని నియోడిమియం ఐసోటోపులు కూడా ఉపయోగపడతాయి. ఆ ఐసోటోపుల నిష్పత్తి ఒక ప్రామాణిక విలువ నుంచి ఎంత తప్పుకుందో చెప్పే ఎప్సిలాన్ విలువ గ్రేటర్ శిలల్లో −15 చుట్టూ, పాత లెస్సర్ శిలల్లో −20 కంటే కిందికి ఉంటుంది. ఇసుక ఒక మాట, దాని పక్కనే ఉన్న బురదరాయి ఇంకో మాట చెప్పినా ఆశ్చర్యపడకండి. బురద తేలుతూ పరీవాహక ప్రాంతమంతటి నుంచీ వస్తుంది, బరువైన జిర్కాన్ తన పరిమాణానికి తగిన ఇసుకలోనే చిక్కుకుంటుంది.

పుట్టుకను కాక చివరి ప్రయాణాన్ని పట్టుకోవాలంటే తక్కువ వేడికే చెరిగే గడియారాలు కావాలి. తెల్ల అభ్రకంలో పొటాషియం క్షయంతో పోగయ్యే ఆర్గాన్‌ను కొలిచే పద్ధతి సుమారు 350 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అపటైట్ అనే ఖనిజంలో యురేనియం పరమాణువులు చీలి మిగిల్చే గీతలను లెక్కించే విఖండన జాడల పద్ధతి సుమారు 110 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. రాయి పైకి వస్తూ ఆ వేడి కన్నా చల్లబడినప్పటి నుంచి కాలాన్ని లెక్కిస్తాయి. శివాలిక్‌లోని ఒక పొర 1 కోటి ఏళ్ళ క్రితం పేరుకుందనీ, అందులోని అభ్రకం 1.6 కోట్ల ఏళ్ళ క్రితం చల్లబడిందనీ అనుకోండి. నడుమ 60 లక్షల ఏళ్ళలో ఆ రాయి దాదాపు 12 కిలోమీటర్ల లోతు నుంచి ఉపరితలానికి వచ్చి, కొట్టుకుపోయి, బేసిన్‌లో చేరింది. లోతుకు కిలోమీటరుకు 30 డిగ్రీలు పెరుగుతుందని లెక్క వేస్తే ఇది ఏడాదికి సుమారు 2 మిల్లీమీటర్లు. టెథిస్ శిలల అభ్రకం అంత ఇటీవల అంతగా వేడెక్కలేదు కనుక ఇలాంటి చిన్న వయసు కనిపిస్తే అది అక్కడిది కాదు. మీ 185 కోట్ల ఏళ్ళ గ్రానైట్‌కు కూడా ఈ పరీక్షే పెట్టండి: అక్కడి అభ్రకం చల్లబడిన వయసు, మీ ఇసుకరాయిలోని అభ్రకం వయసు సరిపోకపోతే జిర్కాన్ ఎంత చక్కగా సరిపోయినా ఆ కొండను పక్కన పెట్టవలసిందే. బేసిన్‌లో పొరలు 3, 4 కిలోమీటర్ల లోతుకు పూడి ఉంటే అపటైట్ గడియారం అక్కడే మళ్ళీ చెరిగి ఉంటుంది, అప్పుడు దాని వయసు మూలం గురించి ఏమీ చెప్పదు. పొర పేరుకున్న కాలం విడిగా, భూ అయస్కాంత తిరోగమనాల వరుసతోనో అగ్నిపర్వత బూడిద పొరతోనో శిలాజాలతోనో తెలియకపోతే ఈ తీసివేతంతా గాలిలో మేడే.

ఒక్కొక్క నమూనాకు 100 రేణువులు సరిపోతాయా అని కూడా అడిగారు. మిశ్రమంలో 5 శాతం ఉన్న ఒక నిర్దిష్ట వర్గం తప్పిపోకుండా ఉండేందుకు 95 శాతం నమ్మకం కావాలంటే సుమారు 60 రేణువులు చాలు. 5 శాతం లేదా అంతకు మించిన ఏ వర్గమూ తప్పిపోలేదని అదే నమ్మకంతో చెప్పాలంటే 117 కావాలని పీటర్ వెర్మీష్ 2004లో లెక్క చూపారు. మీ 100 అంత తక్కువేమీ కాదు. సంఖ్య కన్నా ఎంపికే పెద్ద ప్రమాదం. కొత్తలో నేను పారదర్శకంగా, అందంగా ఉన్న గింజలనే సూదితో ఏరి అమర్చేవాణ్ణి, యురేనియం ఎక్కువై తన వికిరణానికి తానే దెబ్బతిని గోధుమరంగుకు తిరిగిన పాత గింజలను చెడ్డవని పక్కకు నెట్టేవాణ్ణి. ఒకసారి అదే నమూనాను ఏరకుండా నేరుగా పోసి చూస్తే అంతకుముందు లేని ఒక పాత శిఖరం కనిపించింది. అయస్కాంత వేర్పాటు యంత్రం కూడా ఈ దెబ్బతిన్న గింజలనే ముందుగా లాగేస్తుంది, దాని విద్యుత్తును అతిగా పెంచకండి.

శిఖరాల ఎత్తును వాటాగా చదవడం ఇంకో పొరపాటు. రెండు వాగులు సమానంగా ఇసుక ఇచ్చాయి, ఒక వాగు ఇసుకలో రెండవదాని కన్నా 10 రెట్లు జిర్కాన్ ఉంది అనుకుంటే, బేసిన్‌లోని జిర్కాన్లలో 91 శాతం ఒకే వాగువి అవుతాయి. మీ పటంలో ఆ రెండవ వాగు 50 కోట్ల ఏళ్ళ చిన్న శిఖరమే కావచ్చు, ఇసుకలో సగం దానిదే కావచ్చు. ఇది తేల్చడానికి రెండు పక్కల వాగుల ఇసుకలోనూ కిలోకు ఎంత జిర్కాన్ వస్తుందో తూకం వేయడం తప్ప వేరే దారి లేదు.

మీరు చేయవలసిన పనికి ఒక వరుస చెప్పమంటే, ముందుగా గులకరాళ్ళు, ప్రవాహ దిశలు, థిన్ సెక్షన్లు ముగించండి; వీటికి ఖర్చు తక్కువ, కావలసిన ఓపిక ఎక్కువ. ఫెల్డ్‌స్పార్ ఉంటే దానిలోని సీసం ఐసోటోపులను ఉత్తరపు గ్రానైట్ ఫెల్డ్‌స్పార్‌తో పోల్చండి, ఎందుకంటే ఫెల్డ్‌స్పార్ రెండు మూడు జన్మలు తట్టుకునే ఖనిజం కాదు, కనిపించిందంటే సాధారణంగా తల్లిరాయి నుంచి నేరుగా వచ్చినట్టే. అభ్రకం ఆ తరువాత. అంతవరకు మీ నివేదికలో ఇలా రాయండి: “ఈ ఇసుకరాయిలోని జిర్కాన్లలో అధిక భాగం 185 కోట్ల ఏళ్ళ నాటి భూపటలంలో స్ఫటికీకరించినవి, ఉత్తరాన ఉన్న గ్రానైట్ వాటికి ఒక సాధ్యమైన మూలం, అదే వయసు జిర్కాన్లు గల పాత అవక్షేప శిలలు మరొక సాధ్యమైన మూలం.”